ఎర్రపేలిక కట్టిన బీరకాయ

"ఆ తీగ యాడిదక్కా?"

బోర్లించిన బకెట్ ఎక్కి గోడ మీంచి తొంగిచూస్తూ అడిగింది సుగుణ. గోడకవతల మొగిలమ్మ చెంబుతో మొక్కలకు నీళ్లు పోస్తోంది. ఆమె కాళ్ల దగ్గర, వాడిన నీళ్లు పారే మోరి పక్కనే, ఒక బీరతీగ పుల్లను పట్టుకుని పైకి పాకుతోంది.

"అదే మొలిచింది" అంది మొగిలమ్మ.

"అదే మొలిచిందా?"

"అదే మొలిచింది. నేనైతె పెట్టలే."

సుగుణ బకెట్ దిగింది. ఇలాంటి మాటలు నమ్మే వయసు ఆమెకు ఎప్పుడో దాటిపోయింది. మృగశిర కార్తె వచ్చింది, విత్తనం పెడదామని ఇప్పుడే తన పందిరి కింద నిలబడి చూసింది. ఎండిపోయిన పాత తీగ అలాగే ఉంది. దాని కొసన విత్తనానికని వదిలి, గుర్తుకు ఎర్రపేలిక కట్టిన ఒక్క కాయ మాత్రం లేదు.

ఉత్త బీరకాయైతే పోతే పోయిందనుకునేది. అది తొర్రూరు దగ్గరి ఊళ్లో వాళ్లమ్మ చనిపోయేదాకా కాపాడుకున్న విత్తనం. మూరెడు కాయ, ఎంత ఎండలోనూ చేదు రాదు. అమ్మ పోయాక ఆ ఊళ్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. ఇక మిగిలింది ఆ ఒక్క కాయలోని గింజలే.

ఆ డెబ్బై తొమ్మిదో సంవత్సరం ఎండల్లో కాశిబుగ్గలో సగం ఇళ్లు పచ్చిపులుసుతో సరిపెట్టుకున్నాయి. సుగుణ ఇంట్లో మాత్రం రోజూ కూరే. బీరకాయ కండ కూరకు, పొట్టు పచ్చడికి, ముదిరింది పీచుకు. బియ్యం కడిగిన నీళ్లు మిరపమొక్కలకు. సబ్బు దండుగని మొగుడి చేత కూడా మాన్పించింది. స్నానం చేసిన నీళ్లు గోడ కింది మోరీలోంచి మొగిలమ్మ మొక్కలకు పోతాయి, మొగిలమ్మ బావి నీళ్లు సుగుణ బిందెల్లోకి వస్తాయి. పదేళ్లుగా ఇద్దరికీ ఇదే ఒప్పందం. ఇక దిష్టి సంగతి చెప్పనక్కర్లేదు. సొరపాదుకు పాత చెప్పు, మిరపమడికి సున్నపు బొట్ల కుండ, ఆమె పెరట్లో ఏదో ఒకటి వేలాడని మొక్క ఉండదు.

ఇన్ని కట్టినా దొంగచూపు ఆగలేదన్నమాట అనుకుంది సుగుణ. ఆమెకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఉగాది వెళ్లిన వారానికి మొగిలమ్మ ఆ కాయ వంకే చూస్తూ, "నాకు రెండు గింజలియ్యి చెల్లె" అంది. సుగుణకు ఇవ్వబుద్ధి కాలేదు. "చూద్దాం తియ్యక్కా" అని మాట తప్పించింది. ఇప్పుడు అన్నీ ఒకదానికొకటి అతికాయి. ఆమె కొంగు బిగించి వీధి చుట్టి మొగిలమ్మ పెరట్లోకి వచ్చేసింది.

"నన్ను గింజలడిగినవ్, యాదికున్నదా?"

"అడిగిన. నువ్వియ్యలేదు."

"నేనియ్యలేదు. గని నీ పెరట్ల తీగ లేసింది. నా పందిరి మీద కాయ లేదు."

మొగిలమ్మ చెంబు కింద పెట్టింది. "నేను దొంగతనం చేసిన అంటానవా?"

"నేనెందుకంట? తీగనే చెప్తాంది."

"నేను తెంపుకపోతె, నీ గోడకే పెట్టుకుంటనా సుగుణా?"

"ఏమో. నేను గోడెక్కి చూస్తనని నీకేం ఎరుక?"

"ఎండకు మాడిపోతాంటె పాపమని రెండు చెంబులు పోసిన. కాస్తె మొదటి కాయ నీకే ఇద్దామనుకున్న" అంది మొగిలమ్మ. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సుగుణ మనసు ఒక్క క్షణం మెత్తబడింది. అంతలోనే, పట్టుబడ్డవాళ్లంతా ఇలాగే ఏడుస్తారని గుర్తు చేసుకుంది.

"నా విత్తనం నాకియ్యి."

మొగిలమ్మ వంగి తీగను వేళ్లతో సహా పీకి ఆమె చేతిలో పెట్టింది.

"తీస్కపో. రేపటి సంది బావికాడికి మాత్రం రాకు."

పాకిన బీరతీగను పీకి నాటితే బతకదని ఇద్దరికీ తెలుసు. అయినా సుగుణ తెచ్చి పందిరి కింద గుంత తీసి నాటింది. నీళ్లు పోసి పైన గంప బోర్లించింది. గంటకోసారి గంప ఎత్తి చూసింది. పొద్దు వాలేసరికి ఆకులు మాడి, కాడ మొదట్లో మెత్తబడింది. అప్పుడు ఆమెకు దుఃఖం ఆగలేదు. గంప పక్కనే కూలబడి, అమ్మను తలుచుకుని ఏడ్చింది. విత్తనం పోతే పోయింది, దొంగ ఎవరో తెలిసింది కదా అని తనకు తానే చెప్పుకుని కళ్లు తుడుచుకుంది.

మొగుడు రామలింగం చౌరస్తాలో బట్టలకొట్టు గుమాస్తా. పొద్దున పోయినవాడు చెమటలు కక్కుకుంటూ వచ్చి, తిన్నగా పెరట్లో తడిక చాటుకు స్నానానికి పోయాడు. చల్లబడ్డాక మొగిలమ్మ బండారం చెబుదామని సుగుణ తువ్వాలు పట్టుకుని నిలబడింది. లోపల నాలుగు చెంబుల నీళ్లు పడ్డ చప్పుడైంది. తర్వాత ఒళ్లు రుద్దుకుంటున్న చప్పుడు, ఆ తర్వాత రామలింగం గొంతు.

"సుగుణా, ఈ పీచు అరిగింది. పందిరి మీద దిష్టికని ఎర్రపేలిక కట్టినవ్ సూడు, నేను తెంపుకున్నది, గసోంటి ఎండుకాయ ఇంకోటి ఉంటె తెంపియ్యి. ఈసారన్న జర గింజలు ముందుగాల్నే దులుపు, పోయినసారి అన్నీ మోరీల పడి మొగిలక్క దిక్కు కొట్టుకపోయినయి."