ఖాళీ గడి

"ఖాళీగా వదిలేస్తే ఏమనుకోవాలో చెప్పండి సార్. తెలియదని ఊరుకోవడం మిషనుకు రాదు" అన్నాడు మద్రాసు ఇంజనీరు.

పద్మనాభయ్య కుర్చీలోంచి లేచి కిటికీ దాకా నడిచాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. పొద్దున్నించీ ఆయనకు ఇదే వరస. కుర్చీలో ముళ్ళున్నట్టు లేవడం, కూర్చోవడం.

గూడూరులోని ఆ మైకా కంపెనీకి ఆయన హెడ్ గుమాస్తా. అరవై ఎనిమిదిలో మద్రాసు హెడ్డాఫీసు వాళ్ళు కంప్యూటరు పెట్టారు. షెడ్డులో మైకా పొరలు తీసే మూడు వందల మంది ఆడవాళ్ళకూ తలా ఒక ఫారం నింపాడు పద్మనాభయ్య. ఫారంలో ఏ గడి అయినా ఖాళీగా ఉంటే, దాన్ని ఏమనుకోవాలో అందరికీ కలిపి ఒకే మాట ముందుగా ఖాయం చెయ్యాలట. అది రాయించుకుపోవడానికే ఇంజనీరు దిగాడు. నాలుగు గంటల రైలుకు తిరిగి వెళ్ళిపోతాడు.

సెలవు గడి ఖాళీ అయితే ఆదివారం అనుకోమన్నాడు పద్మనాభయ్య. షిఫ్టు గడి ఖాళీ అయితే పగలు అనుకోమన్నాడు. అంతవరకూ చకచకా నడిచింది. భర్త గడి దగ్గర ఆగింది.

"పదిహేడు ఫారాల్లో ఖాళీ వదిలారు. అందులో పదహారు మందికి భర్తలు పోయారని మీరే చెప్పారు గదా సార్. ఎక్కువమంది ఎటుంటే అటే. ఖాళీ అంటే భర్త పోయినట్టు. రాసుకోమంటారా?"

"ఉండండి. ఆ పదిహేడో మనిషి మాటేంది?"

"ఎవరామె?"

పద్మనాభయ్య నోరు తెరిచేలోగా కాఫీ తెచ్చిన బంట్రోతు పెంచలయ్య అందుకున్నాడు.

"జమాల్‌బీ సార్. వాళ్ళాయన దరియావలి, ఓడ ఖలాసీ. మూడేళ్ళాయె బొంబాయిలో ఓడెక్కి. అప్పుడు ఆయమ్మకి నెలలు నిండినాయి. ఆడబిడ్డ పుట్టిందని ఆఫీసంతా చక్కెర పంచినారు. అందరం తింటిమి. అయ్యగారు మాత్రం నోట్లో వేసుకోలా. అరచేతిలో పెట్టుకొని, అది కరిగి కారిపోతున్నా అట్నే కూర్చున్నారు. మడి గదా!"

పెంచలయ్య నవ్వాడు. ఇంజనీరూ నవ్వాడు. పద్మనాభయ్య కాఫీ గ్లాసు ముట్టుకోకుండా పక్కకు జరిపాడు.

"మూడేళ్ళలో జాబులు రాలేదా?" అన్నాడు ఇంజనీరు.

"ఆయన రాసింది ఒక్కటీ లేదు" అన్నాడు పద్మనాభయ్య.

"మరి ఫారంలో ఏం రాయమంది?"

"ఆయనే వచ్చి రాయిస్తాడు, అందాకా ఏమీ రాయొద్దంది."

మధ్యాహ్నం గంట కొట్టారు. ఆ వెంటనే వరండాలో గాజుల చప్పుడు. షెడ్డు ఆడవాళ్ళ జాబులన్నీ కంపెనీ అడ్రసుకే వస్తాయి. విప్పి, చదివి వినిపించేది పద్మనాభయ్యే. మిగిలినవాళ్ళు ఎప్పుడో గాని రారు. జమాల్‌బీ మాత్రం గంట కొట్టడం ఆలస్యం, కిటికీ దగ్గర ఉంటుంది. చేతుల మీద మైకా పొడి, మోచేతుల దాకా తళతళ. ముంజేతులకు ఎర్రగాజులు.

"జాబేమన్నా వచ్చిందా అయ్యా?"

"రాలేదమ్మా."

"రేపొస్తుందిలే. ఇంక మీకీ పీడ ఎన్నాళ్ళో ఉండదయ్యా. ఎలిశబెతు టీచరమ్మ దగ్గర గుణింతాలు అయిపోయినాయి. వచ్చే నెల నించీ నా జాబు నేనే చదువుకుంటా. మీరు కవరు చించను కూడా పనిలేదు."

"మంచిదమ్మా" అన్నాడాయన. కంపెనీ సీళ్ళుండే సొరుగు తాళంచెవి ఆయన జంధ్యానికి కట్టి ఉంటుంది. అది ఉందో లేదో చొక్కా మీద నుంచే తడిమి చూసుకున్నాడు.

ఇంజనీరు ఆమెనే అడిగాడు. "ఏమ్మా, మూడేళ్ళుగా జాబు లేదే. మనిషి ఉన్నాడని ఎట్లా నమ్ముతావు?"

జమాల్‌బీ ఆయనకేసి వింతగా చూసింది.

"చెడు జరిగుంటే తంతి రాదా సార్? మా పేటలో ఓడెక్కి పోయినోళ్ళందరికీ తంతులొచ్చినాయి. నాకు రాలా. రాలేదంటే ఉన్నట్టే గదా!"

ఆమె వెళ్ళిపోయింది. గాజుల చప్పుడు షెడ్డులో కలిసిపోయింది.

"నమ్మకం వేరు, మిషను వేరు సార్" అన్నాడు ఇంజనీరు. "ఒక్కామె కోసం రూలు తిప్పితే, ఆ పదహారు ఫారాలూ మళ్ళీ చేత్తో నింపాలి."

"నేను నింపుతా."

"రైలుకు ఎంతో టైము లేదు. మేనేజరు గారు ఏమంటారో..."

"నింపుతానంటిని గదా!"

పెంచలయ్య ఉలిక్కిపడ్డాడు. ఇరవై ఏళ్ళ కొలువులో ఆయన గొంతు అంతగా లేవడం వాడు వినలేదు.

పద్మనాభయ్యే తగ్గాడు. "మీ మిషను అచ్చువేసింది చూసి, తెలుగులో జాబితా రాసి షెడ్డు గోడకు అంటించేది నేనే నాయనా. ఆమెకు అక్షరాలొచ్చినాయి. మొదట వెతుక్కునేది తన పేరే. మాటొస్తే నాకొస్తుంది. సంతకం నాది."

వంచిన తల ఎత్తకుండా పదహారు ఫారాలూ నింపాడు. అవన్నీ ఊరికి తెలిసిన చావులే, చెయ్యి ఎక్కడా ఆగలేదు. పదిహేడో ఫారం ఖాళీ గడితో అలాగే పైన పెట్టాడు. ఇంజనీరు తెచ్చిన రూల్సు కాగితం మీద ఆయనే రాశాడు: 'భర్త గడి ఖాళీ అయితే, ఉన్నట్టే.'

ఇంజనీరు కట్ట సంచిలో పెట్టుకొని లేచాడు. "కాని మీరు గొప్పవారు సార్. ఒక పేదరాలి నమ్మకం కోసం ఇంత పట్టుపట్టారు."

పద్మనాభయ్య చేతులు జోడించాడు.

రైలు కూత వినిపించింది. పెంచలయ్య గ్లాసులు తీసుకుపోయాడు. పద్మనాభయ్య లేచి తలుపు దగ్గరికి వేశాడు. జంధ్యానికున్న తాళంచెవితో సొరుగు తెరిచి, సీళ్ళు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు.

అడుగున, మూడేళ్ళ కిందట జమాల్‌బీ పేరున వచ్చిన తంతి ఉంది.