క్యూ లేని ఆసుపత్రి

మూడో మహమ్మారి వచ్చిన ఏడాది, ఓపీ ఎలా ఉంటే బాగుంటుందో చెప్పమని పెద్దాసుపత్రివాళ్లు రోగులనే పిలిచి అడిగారు. వరహాలమ్మ కూడా వెళ్లింది. "మమ్మల్ని క్యూలో నిలబెట్టకండి బాబూ. ఆ క్యూలోనే మా ఆడపడుచుకి జబ్బంటుకుని పోయింది. ఇంటికాడే చూసేలా చెయ్యండి," అంది. అందరూ అదే మాటన్నారు. వాళ్లు కోరినట్టే ఆరేళ్లలో ఓపీలన్నీ మూతపడి, ఇంటింటి గోడకీ రోగిని చూసి వైద్యం చెప్పే ఒక మాట్లాడే తెర వచ్చింది.

ఇవాళ పొద్దున్నే ఆమె భర్త సింహాచలం కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు.

"కుడివైపు కింద నొక్కండి," అంది తెర.

ఆమె నొక్కింది. అతను కేకపెట్టాడు.

"గట్టిగా ఉందా, మెత్తగా ఉందా?"

"నాకేటి తెలుస్తాది? జీడిపిక్కలు కొట్టికొట్టి మొద్దుబారిన చేతులివి. డాక్టరుగారిని పంపండి!"

"మనుషులు రావద్దని రోగులే కోరారు. మార్పు కావాలంటే వచ్చే నెల సమావేశంలో చెప్పండి."

ఆమె ఆటో పిలిచి, అతన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. గేటు దగ్గర కాపలావాడు జాలిగా చూశాడు. "ఇప్పుడిది మందుల గోదామమ్మా. ఇక్కడ డాక్టర్లెవరూ ఉండరు."

సింహాచలం మూలగడం ఆగిపోయింది. ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి అతన్ని చూసి, మెల్లగా ఇంజను ఆపేశాడు.

"ఆపీకు నాయనా," అంది వరహాలమ్మ. "ఇంకో ఆసుపత్రికి పోనీ."