మొండికేసిన కీబోర్డు

ఆ ఇంటికి కంప్యూటర్ మెకానిక్ రావడం ఇది మూడోసారి.

"ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు బాబూ. దెయ్యం పట్టినట్టు!" అంది ఇల్లాలు, గుమ్మంలోనే.

లోపల మంచం మీద ఆవిడ భర్త. కారు ప్రమాదం జరిగి ఏడు నెలలు. నోట మాట లేదు. ఒళ్లంతటికీ ఎడమచేతి చూపుడువేలు ఒక్కటే కదులుతుంది. ఆ వేలితో ఒక్కో అక్షరం కొడితే ఎదురుగా తెర మీద పడేదే ఆయన మాట. 'నీళ్లు'. 'నొప్పి'. 'కిటికీ తెరువు'.

మొదటిసారి వచ్చినప్పుడు మెకానిక్ కీబోర్డు వైరును వేరే యూఎస్‌బీ పోర్టులో పెట్టి చూశాడు. రెండోసారి ఆ కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ లినక్స్ మీద అనుమానపడ్డాడు. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే కరెంటు ఆదా అంటూ అది కీబోర్డును నిద్రపుచ్చుతుంది. ఆ ఏర్పాటు తీసిపారేశాడు. రెండుసార్లూ మీసం మెలేసుకుంటూ వెళ్లాడు. రెండుసార్లూ మర్నాడే ఫోను. ఇక లాభం లేదని ఇవాళ ఏకంగా కొత్త కీబోర్డే పట్టుకొచ్చి తగిలించాడు.

"ఏదైనా కొట్టండి సార్."

'ఉక్కగా ఉంది' అని పడింది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

ఇల్లాలు గబగబా వచ్చి మంచం అంచున కూర్చుంది. పరాయి మనిషి ఉన్నాడని కూడా చూడలేదు.

"ఏమండీ, మీకు దణ్ణం పెడతాను. మళ్లీ ఇది చచ్చేలోగా చెప్పండి. ఆ రోజు అసలేం జరిగింది?"

మెకానిక్ ఎటు చూడాలో తెలియక వైరు సర్దుతూ ఉండిపోయాడు. ఆవిడే అతని వైపు తిరిగింది.

"మా అబ్బాయి బాబూ. పదిహేడేళ్లు. అక్కడికక్కడే పోయాడు. ఇద్దరూ కారులోంచి ఎగిరి పడ్డారు. చూసినవాళ్లెవరూ లేరు. నేర్చుకుంటానని వారం రోజులు నా ప్రాణం తీస్తే, నాన్న పక్కనుంటారు కదా అని తాళాలు నేనే వాడి చేతికిచ్చాను. పోలీసులకీ అదే చెప్పాను. వాడే నడిపాడని రాసుకున్నారు. కన్నకొడుకుని నా చేతులతో నేనే చంపుకున్నాను కదా! తప్పు వాడిదా, ఎదురుగా ఏదైనా అడ్డొచ్చిందా, అంతవరకైనా తెలియాలి. ఈయనకి తప్ప ఇంకెవరికి తెలుసు?"

వేలు కీల మీద అటూ ఇటూ తిరిగింది. తెర ఖాళీ.

"చూశావా! మళ్లీ చచ్చింది!"

మెకానిక్ తెర మీద ఓ మూల చిన్న కిటికీ తెరిచాడు. ఏ కీ నొక్కినా అందులో ఓ వరస పడి తీరాలి. వేలు తిరుగుతూనే ఉంది. ఒక్క వరసా లేదు. తను ఓ కీ నొక్కాడు. ఠక్కున పడింది.

కీబోర్డు బాగానే ఉంది. పోతున్నది వేలే. నొక్కే సత్తువ లేదు. ఆ ఒక్క వేలూ పడిపోతే ఈయనకి ఇక మాటన్నది లేదు, ఈ తల్లికి జవాబన్నది లేదు. ఈ మాట ఆవిడకి ఏ నోటితో చెప్పడం?

"అమ్మా, కాసిన్ని మంచినీళ్లు ఇప్పిస్తారా?" అన్నాడు, కాస్త వ్యవధి కోసం.

ఆవిడ కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లింది.

వెంటనే టకటకమని చప్పుడు. తిరిగి చూశాడు. వేలు ఒక్క కీ తప్పకుండా గట్టిగా కొడుతోంది. ఆయన కళ్లు వంటింటి గుమ్మం మీదే ఉన్నాయి.

'ఇది ఇక బాగుపడదని చెప్పేయ్ బాబూ, ఆ రోజు కారు నడిపింది వాడు కాదు, నేను.'