తాళం వేసిన ఇంటి ముందు ముగ్గు

నవనీత ఆటో దిగి గేటు ముందే ఆగిపోయింది.

వాకిట్లో ముగ్గు ఉంది. ఇంకా తడి ఆరలేదు.

మూడు రోజులుగా ఇంటికి తాళం. భర్త మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అతని దగ్గరికి వెళ్తే ఎప్పుడూ చీకటి పడ్డాకే తిరిగొచ్చేది. ఈసారి రాత్రి బస్సెక్కి, పొద్దున్నే షాద్‌నగర్‌లో దిగింది.

మరి ఈ ముగ్గెవరు వేశారు?

గబగబా తాళం తీసి బీరువా దగ్గరికి పరుగెత్తింది. చీరల కింద అమ్మ వెండి కడియాలు అలాగే ఉన్నాయి. ఆమె కూలికి నాట్లేసి, కలుపు తీసి చేయించుకున్న కడియాలు. అమ్మ పోయాక మిగిలిన గుర్తు అదొక్కటే.

ఎదురింటి వీరేశం బస్సు కండక్టరుగా రిటైరై, కాలనీ సంఘానికి ప్రెసిడెంటయ్యాడు. సంగతి వినగానే ఫోన్ తీశాడు.

“వాట్సాప్‌ల వచ్చింది చూడు బిడ్డా. తాళమేసిన ఇండ్లకు దొంగలు ముందుగాల గుర్తు పెట్టిపోతరట.”

“ముగ్గుతోనా కాకా?”

“ముగ్గును ఎవడన్న అనుమానిస్తడా? గదే వాళ్ళ తెలివి.”

ఇద్దరూ కాలనీ అంతా తిరిగొచ్చారు. ఇంకో మూడిళ్ళకు తాళాలున్నాయి. మూడింటి ముందూ అదే ముగ్గు.

మర్నాడు తెల్లవారుజామున కాపు కాశారు. రెండిళ్ళ అవతల, తాళం వేసిన గేటు ముందు మనిషి దొరికింది.

సైదమ్మ. వీధుల్లో ముగ్గుపిండి అమ్మే ఆమె. అరవై దాటి ఉంటాయి. వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, చివరి గీత గీస్తోంది.

“ఎవని కోసం గుర్తులు పెడ్తున్నవే ముసలమ్మా?” అన్నాడు వీరేశం.

“గుర్తులేంది సారూ? వాకిలి బోసిగ ఉంటే ఇంట్ల మనిషి లేదని అందరికి ఎరుకైతది. అందుకే గింత ముగ్గేస్తున్న.”

“మేం చెప్పినమా నీకు?”

“చెప్పలే.”

“మరి నీకేం వస్తది?”

సైదమ్మ నవనీత వైపు తిరిగింది.

“బిడ్డా, మొన్న నీ గేటుకు తాళం బయటికే కనబడ్డది. గట్ల వెయ్యకు. చెయ్యి లోపలికి పెట్టి లోపలి దిక్కు వెయ్యి. పేపరు, పాలు బందు పెట్టి పో. మగోళ్ళ చెప్పులు ఒక జత గడప ముందట ఇడువు. వెండి, బంగారం చీరల కింద దాచకు. ముందుగాల ఆడ్నే చూస్తరు.”

నవనీత ఒక అడుగు ముందుకేసింది.

“చీరల కింద ఉన్నయని నీకెట్ల ఎరుక?”

“అందరు ఆడ్నే పెడ్తరు బిడ్డా.”

“ఆడ్నే చూస్తరని నీకెవలు చెప్పిన్రు?”

సైదమ్మ ముగ్గుపిండి సంచి మూతి ముడేసింది.

వీరేశం నవ్వాడు. “దొంగలకు వండిపెట్టినట్టే చెప్తాంది. ఇంకోపారి గీ గల్లీల కనబడితే పోలీసోళ్ళకు అప్పజెప్త.”

ఆమె సంచి నెత్తికెత్తుకుంది.

నవనీత ఇంట్లోంచి బకెట్ నీళ్ళు తెచ్చి ఆ ముగ్గు మీద కుమ్మరించింది.

పది అడుగులు వేసిన సైదమ్మ వెనక్కి చూసింది.

“ఊరికి పోయేనాడు పక్కింటోళ్ళకన్న చెప్పు బిడ్డా, జర ముగ్గెయ్యమని.”

“నువ్వు పో అవ్వా.”

పోయింది. మళ్ళీ రాలేదు.

మూడు వారాల తర్వాత నవనీత మళ్ళీ మేళ్లచెరువు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి తలుపు గొళ్ళెం ఊడి ఉంది. చీరలన్నీ నేల మీద ఉన్నాయి. కడియాలు లేవు.

అదే వారం కాలనీలో ఇంకో ఇంట్లో దొంగతనం జరిగింది. మూడో ఇంట్లో దొంగ దొరికిపోయాడు.

ఎస్సై పరశురాం కబురు పెడితే నవనీత, వీరేశం స్టేషన్‌కి వెళ్ళారు. దొంగ గోడవారగా కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా నలగలేదు.

“గీమె ఇల్లే ఎందుకు చూసుకున్నవ్‌రా?” అడిగాడు ఎస్సై.

“ముగ్గు లేదు సార్.”

“ఏంది?”

“పొద్దుగాల బండి మీద ఒక చుట్టు కొడ్త. ఒకనాడు ముగ్గు లేకుంటే పానం బాగలేదేమో అనుకుంట. రెండోనాడు గూడ లేకుంటే ఇంట్ల మనిషి లేనట్టే.”

“గీ కాలనీకి కొత్తగ వచ్చినవా?”

“రెండేండ్ల సంది తిరుగుతున్న సార్. ఒక్క వాకిలి బోసిగ కనబడలే. గీళ్ళు ఊర్లకే పోరేమో అనుకున్న. మొన్న మొన్ననే సందు దొరికింది.”

వీరేశం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

రెండేళ్ళు. నలభై ఇళ్ళు. ఏ కెమెరా చేయలేని కాపలా ఒక ముసలామె గుప్పెడు పిండితో కాసింది. ఎవరూ అడగకుండానే, ఎవరికీ చెప్పకుండానే.

ఎస్సై బల్ల మీద ఒక కడియం పెట్టాడు.

“ఇదొక్కటే దొరికిందమ్మా. రెండోది కరిగించేసిన్రు.”

నవనీత కడియాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

“కాకా, ఆ అవ్వ ఇల్లెక్కడ? కాళ్ళు మొక్కాలె.”

“దేవులాడుదాం పా బిడ్డా.” అన్నాడు వీరేశం. “నేను గూడ మొక్కాలె.”

ఎస్సై కాగితం ముందుకు లాక్కున్నాడు.

“నిన్ను పట్టుకున్నమని ఇంట్ల ఎవరికి చెప్పాలెరా?”

దొంగ తల దించుకున్నాడు.

“అమ్మకు సార్. పేరు సైదమ్మ. ముగ్గుపిండి అమ్ముతుండె, ఎందుకో నెల సంది ఇల్లు కదుల్తలేదు.”