కెరటం పెట్టె

ఎవరో భుజం తట్టేసరికి డప్పు ఉలిక్కిపడి, కారు డిక్కీలోంచి తల బయటికి తీశాడు.

ఎదురింటి మేడమీద గదిలో కొత్తగా అద్దెకు దిగిన పెద్దాయన.

"కొంచెం పాట తగ్గిస్తావా బాబూ?"

అంత హోరులోనూ ఆయన గొంతు పెంచలేదు. ఆ మాట నీళ్ళ అడుగునుంచి తేలివచ్చినట్టుంది.

"మీకు ఇబ్బందైతే కిటికీ మూసుకోండి."

"నా కిటికీ మూసుకుంటే ఏం లాభం?"

డప్పు సణుక్కుంటూ తగ్గించాడు. ఆయన వీధి దాటగానే మళ్ళీ పెంచాడు.

కార్లకు పాటల పెట్టెలు కట్టడం అతని పని. వీధి వీధంతా అతన్ని డప్పు అనే పిలుస్తుంది. ఇంటి కిందే షెడ్డు. పైన అతనూ, అమ్మా.

ఆ రోజుల్లో అతనికి కన్ను తెరిచినా మూసినా ఒకటే కల. కార్ల ప్రదర్శనలో తన పాత కారు డిక్కీ తెరవగానే లోపలినుంచి ఒక కెరటం లేవాలి. అందరూ పెట్టే చెక్కడబ్బా కాదు. డిక్కీ మూలల్లోకి ఫైబర్‌గ్లాసు ఒదిగిపోయి, నడుమ మంద్రాన్ని మోగించే సబ్‌వూఫర్ స్పీకరుని ఎత్తుకుని, విరగబోతూ ఆగిపోయిన కెరటం.

అది తయారయ్యేదాకా ఆ స్పీకరును పాత డబ్బాలో పెట్టి పాటలు పరీక్షించేవాడు. మంద్రంగా మోత మొదలైతే నేల మెల్లగా ఊగేది. కళ్ళు మూసుకుంటే ఒళ్ళు నీళ్ళమీద తేలిపోతున్నట్టుండేది.

"ఎలా ఉందమ్మా?" అని పైకి కేకేస్తే, "బాగుందిరా నాన్నా!" అని వంటింట్లోంచి జవాబొచ్చేది.

అమ్మకు లేని బాధ ఎదురింటాయనకెందుకో!

మర్నాడూ వచ్చాడు పెద్దాయన. ఆ మర్నాడూ వచ్చాడు.

ఓ మధ్యాహ్నం ఆయన వచ్చే వేళకు డప్పు చేతులు రెండూ చాలక అవస్థపడుతున్నాడు. రెజిన్ జిగురు తాగిన ఫైబర్ మ్యాట్ డిక్కీ మూలల అచ్చు పోసుకుని గట్టిపడింది. దానిమీద పుల్లలతో, స్పీకరు కూర్చునే చెక్క రింగు నిలబెట్టాడు. ఇక వాటి మీదుగా సాగే గుడ్డను బిగించి లాగాలి.

"కొంచెం తగ్గి..."

"తగ్గిస్తాగానీ, ముందు ఈ కొస పట్టుకోండి!"

ఆయన చొక్కా చేతులు మడిచి పట్టుకున్నాడు. ఇద్దరూ చెరోవైపు లాగారు. ముడతలు ఒక్కొక్కటే కరిగిపోయాయి. తెల్లటి గుడ్డలోంచి కెరటం ఒళ్ళు విరుచుకుంటూ లేచింది.



డప్పు బ్రష్షుతో రెజిన్ పూస్తుంటే గుడ్డ తేనెరంగుకు తిరిగింది. పెద్దాయన మోగుతున్న పాత డబ్బామీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"సముద్రం ఒళ్ళో పడుకున్నట్టుంది బాబూ," అన్నాడు.

"సముద్రం పక్క ఊరా మీది?" డప్పు వెనక్కి తిరగకుండానే అడిగాడు.

జవాబు లేదు.

'మనిషికి పొగరు కాస్త ఎక్కువే,' అనుకున్నాడు డప్పు.

వెళ్ళేముందు పెద్దాయన అతని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"దీన్ని ఊరి బయట మైదానంలో మోగించు బాబూ. నేనూ వచ్చి కూర్చుంటా. ఇంటికింద మాత్రం వద్దు."

"ఇల్లు మాది, షెడ్డు మాది. మధ్యలో మీకేంటండీ?"

ఆయన ఏదో చెప్పబోయి, ఒకసారి షెడ్డు పైనున్న ఇంటికేసి చూసి, నోరు కట్టేసుకున్నట్టు వెళ్ళిపోయాడు.

కెరటాన్ని ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, నీలం రంగు వేశాడు డప్పు. రంగు ఆరాక సబ్‌వూఫర్ బిగించి, పాట పెట్టాడు.

షెడ్డు రేకులు సన్నగా వణికాయి. గాలి కూడా నీలంగా మారినట్టనిపించింది.

అలవాటుగా గుమ్మంకేసి చూశాడు. ఎవరూ రాలేదు.

ఎందుకో వెలితిగా తోచింది. పాట అలాగే వదిలేసి ఎదురింటి మేడెక్కాడు. ఇంటావిడ ఖాళీ గది ఊడుస్తోంది.

"పెద్దాయన ఏరీ పిన్నిగారూ?"

"పొద్దున్నే కూతురొచ్చి తీసుకెళ్ళింది. ఇక ఆవిడ దగ్గరే ఉంటారట."

"నా గోల పడలేకేనా?"

ఆవిడ చీపురు పక్కన పెట్టింది.

"ఇలా వచ్చి చూడు."

కిటికీలోంచి డప్పు వాళ్ళ వంటిల్లు అరచేతిలో పెట్టినట్టు కనబడుతోంది.

పొయ్యి గట్టు పక్కన అమ్మ నేలమీద కూలబడి ఉంది. ఒక చెయ్యి గుండెమీద. పంటిబిగువున ఓర్చుకుంటూ పాట అయిపోవడం కోసం ఎదురుచూస్తోంది.

"వెళ్తూ వెళ్తూ ఆయనే చెప్పారు. నువ్వు పాట పెట్టినప్పుడల్లా ఇంతేనట. కొడుకు కల చెడిపోతుంది, వాడికి చెప్పొద్దని ఆ కిటికీలోంచే ఈయనకు దణ్ణం పెట్టేదట. అందుకే తనకే ఇబ్బంది అన్నట్టు నీ దగ్గరికొచ్చేవారు."

డప్పు మెట్లు ఎలా దిగాడో అతనికే తెలియదు. పాట కట్టేసి, ఒక్క పరుగున పైకెళ్ళాడు.

"ఏం లేదురా, కాస్త దడ, అంతే," అంది అమ్మ చెమట తుడుచుకుంటూ. "పాట బాగుంది. ఎందుకు ఆపేశావు?"

అతను ఆమెను పొదివి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

"గుండె బాగా అలిసిపోయి ఉంది. ఇంకా నాన్చి ఉంటే చెయ్యి దాటిపోయేది," అన్నాడు డాక్టరు.

అమ్మను ఇంటికి తెచ్చి పడుకోబెట్టి, మందు వేసి, ఆమె నిద్రపోయేదాకా పక్కనే కూర్చున్నాడు. తర్వాత మళ్ళీ ఎదురింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆయన ఫోన్ నంబరివ్వండి పిన్నిగారూ. ఒక్క మాట చెప్పుకోవాలి."

"ఫోన్లో ఎలా చెబుతావు నాయనా? ఎదురుగా ఉండి నీ పెదాలు కదిలితేనే ఆయనకు తెలిసేది, రెండు చెవులూ ఏనాడో పోయాయిగా!" అంది ఇంటావిడ.