చెలమ పాట

కొండ నీట మునిగాక, తల్లి ఏనుగు తన బిడ్డ దుబ్బితో దూరపు అడవికి చేరింది. నీటి జాడ చెప్పే కొండపాటను రోజూ దానిచేత పాడించేది. ఒక్క మాట తప్పినా మళ్లీ మొదటికే.

"ఏరు పక్కనుండగా నీళ్ల పాటెందుకమ్మా?" అని జింక నవ్వేది. దుబ్బికి సిగ్గేసేది.

ఆ వేసవిలో ఏరు ఎండింది. జింకపిల్ల దాహంతో కూలబడింది. దుబ్బి పాడుకుంటూ నడిచింది: "ఏరు వంగినచోట, ఇసుక చల్లనైనచోట, మోకాలి లోతు..." అక్కడే తవ్వింది. చెలమలో నీరూరింది.

పాట చివరి చరణం గుర్తుందో లేదోనని తల్లి చెవులు రిక్కించింది.

నోరెండిపోతున్నా దుబ్బి పక్కకు జరిగింది. "పిన్నీ, ముందు మీ పిల్లకి. తవ్వినవాళ్లు చివర తాగాలి."

"ఎవరు నేర్పారే నీకు?" అంది జింక.

దుబ్బి తొండమెత్తింది. "మా కొండ!"