రావద్దన్న మాట

"మా డిపార్ట్‌మెంట్‌కి రావద్దమ్మా. అవతలి ఆసుపత్రికే వెళ్ళు," అన్నాడు డాక్టర్ చక్రధర్.

సింగపూర్‌లో, బెడోక్‌లోని ఆ ఫ్లాట్‌లో అందరూ భోజనాల బల్ల దగ్గరున్నారు. ఉలవచారు వడ్డిస్తున్న సుభద్ర చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఆమె కూతురు ఉదయశ్రీ మెడిసిన్ ఆఖరి సంవత్సరంలో ఉంది. చక్రధర్‌లాగే చెవి, ముక్కు, గొంతు సర్జన్ కావాలని ఆ పిల్ల పట్టుదల. రెసిడెన్సీకి, అంటే స్పెషలిస్టు శిక్షణకి, దరఖాస్తు పెట్టేముందు, తాము చదివే చోట కాకుండా వేరే ఆసుపత్రిలో నాలుగు వారాలు పనిచేస్తే అక్కడి పెద్ద డాక్టర్ల కంట్లో పడొచ్చు. ఎవరి కంట్లో పడితే వాళ్ళ దగ్గర సీటుకి ఆశ ఉంటుంది. ఆ నాలుగు వారాలకీ రెండు ఆసుపత్రులు రమ్మన్నాయి; చక్రధర్ పనిచేసే చోటే అని ఇంట్లో అందరూ ఎప్పుడో అనేసుకున్నారు. ఆయన్ని ఒక్క మాట అడిగి, సాయంత్రంలోగా జవాబు పంపడమే మిగిలింది.

"అదేంటి బావా!" అంటూ నవ్వబోయాడు ఉదయశ్రీ తండ్రి మహీధర్. చుట్టరికం లేకపోయినా ఇద్దరూ వరస కలిపే పిలుచుకుంటారు. "మీ చేతికింద నేర్చుకుంటుందని మేం ధీమాగా కూర్చుంటే!"

"అక్కడా మంచి డాక్టర్లున్నారు బావా. మా దగ్గరైతే మనమ్మాయని నలుగురూ నాలుగు మాటలంటారు."

"పోయినేడు మీ కొలీగ్ కొడుకు మీ దగ్గరే చేశాడుగా? అప్పుడెవరూ ఏం అనలేదే?"

చక్రధర్ తలొంచుకుని అన్నం కెలికాడు. జవాబు ఉంది, కానీ నోరు దాటకూడదు. ఈ ఏడు అతని డిపార్ట్‌మెంట్‌కి ఒక్క రెసిడెన్సీ సీటూ లేదని మొన్నటి మీటింగ్‌లో పైవాళ్ళు తేల్చేశారు. ఒక్కటైనా ఇవ్వాలని తను గొంతు చించుకున్నా వినలేదు. పైగా, ప్రకటించేదాకా ఎక్కడా అనకూడదని మాట తీసుకున్నారు. అవతలి ఆసుపత్రికి మాత్రం ఒక సీటుంది. ఈ పిల్ల తన దగ్గరికొస్తే పడిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

"అంకుల్," అంది ఉదయశ్రీ మెల్లగా, సింగపూర్ ఇంగ్లీషు యాసలో. "ఐ యామ్ నాట్ గుడ్ ఎనఫ్, ఈజ్ ఇట్? జస్ట్ టెల్ మీ లా. ఐ కెన్ టేక్ ఇట్."

"ఛ ఛ, అది కాదమ్మా."

"దెన్ వాట్?"

"నా మాట విను తల్లీ. ఎందుకని మాత్రం అడక్కు."

ఉదయశ్రీ ఫోన్ తీసి గబగబా ఏదో టైప్ చేసింది. "ఓకే. అవతలి హాస్పిటల్‌కి యెస్ చెప్పేశా. హ్యాపీ?" అని లేచి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

"పెరుగు వేసుకోండి, డాక్టర్ గారూ," అన్నాడు మహీధర్.

ఆ పిలుపు విని చక్రధర్ పెరుగు వేసుకోకుండానే చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

బిషాన్‌లోని తన ఇంటికి తిరిగి వెళ్తూ ట్రైన్‌లో మహీధర్‌కి మెసేజ్ రాశాడు. మళ్ళీ చెరిపేశాడు. ఒక్క పిల్లకి చెబితే, తన డిపార్ట్‌మెంట్ సీటు మీద ఆశ పెట్టుకున్న మిగతా పిల్లల మాటేమిటి? ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

ఆ తర్వాత మహీధర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. ఒకరోజు లిటిల్ ఇండియాలో కూరగాయల దగ్గర సుభద్ర ఎదురైంది. "బాగున్నారా చెల్లెమ్మా?" అని పలకరిస్తే, వినపడనట్టే బెండకాయలు ఏరుకుంటూ ఉండిపోయింది. చక్రధర్ ఏమీ కొనకుండానే బయటికొచ్చేశాడు.

ఊరట కలిగించిన కబురు ఒక్కటే వచ్చింది. అవతలి ఆసుపత్రిలో పనిచేసే పాత మిత్రుడొకాయన మాటల్లో అన్నాడు: "ఉదయశ్రీ అని మీ తెలుగమ్మాయి వచ్చింది. చెయ్యి ఎంత నిలకడో! సీటిస్తే ఆ పిల్లకే ఇవ్వాలని మా వాళ్ళందరి మాట."

ఫోన్ పెట్టేసి చక్రధర్ చాలాసేపు తనలో తనే నవ్వుకున్నాడు. ఎవరికెన్ని సీట్లో ప్రకటిస్తారు. తన డిపార్ట్‌మెంట్ ఎదురుగా సున్నా కనబడుతుంది. మహీధర్‌కి అంతా అర్థమవుతుంది. ఆ సాయంత్రమే స్వీట్లు పట్టుకుని బెడోక్ వెళ్ళాలి. గుమ్మంలోనే "బావా" అని పిలవాలి.

ప్రకటన రావలసిన రోజు పొద్దున్నే, డిపార్ట్‌మెంట్ హెడ్ డాక్టర్ లిమ్ తలుపు తోసుకుని వచ్చాడు.

"చక్రా, గుడ్ న్యూస్! మనకి సీటొచ్చింది."

చక్రధర్ కుర్చీలోంచి లేచాడు. "లేదన్నారుగా?"

"అన్నారు. ఆ రోజు మీటింగ్‌లో నువ్వంత గట్టిగా వాదించావు కదా, పైవాళ్ళు మళ్ళీ కూర్చుని ఆలోచించారు."

"అయితే సర్, ఉదయశ్రీ అని ఒకమ్మాయి... చాలా బాగా పనిచేస్తుంది. దరఖాస్తు పెట్టుకోమని..."

"మన దగ్గర చేసిందా?"

"లేదు."

"మరింకేం? మన దగ్గర నాలుగు వారాలూ ఒళ్ళొంచి పనిచేసిన కుర్రాడున్నాడు. అతన్ని కాదని మనం చూడని మనిషిని తీసుకోవడమెందుకు?"

ఆ కుర్రాడు చేరింది ఉదయశ్రీ వదులుకున్న ఖాళీలోనే. పోనీలే, పిల్లకి అక్కడ సీటుంది కదా అని చక్రధర్ మనసు సరిపెట్టుకున్నాడు. లిమ్ సంతోషం చూసి మొహమాటానికి తనూ నవ్వాడు.

"ఇంతకీ ఈ కొత్త సీటు ఎక్కణ్ణుంచి వచ్చింది సర్?"

"కొత్తదెక్కడిది? అవతలి ఆసుపత్రికున్న ఒక్కటీ తీసేసి మనకిచ్చారు. అంతా నీ వాదన చలవే!"